అన్ని పనులూ అయ్యాక వయొలిన్ తీద్దామంటే ఆ 'అయ్యాక' ఎప్పటికీ రావడం లేదు

మూడో తీగ:

నమస్తే అందరికీ. రెండేళ్ళ నుంచి ఇక్కడ చదువుకుని వెళ్ళిపోవడమే తప్ప ఎప్పుడూ ఒక్క ముక్క రాయలేదు. ఇవాళ రాస్తున్నా, పొడుగైపోతే విసుక్కోకండి.

నాకు 43. ఉద్యోగం చేస్తున్నా. అమ్మాయికి 16, అబ్బాయికి 12. ఎనిమిదో ఏట మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా వయొలిన్ నేర్చుకున్నాను. గొప్పగా వాయించేదాన్ని అని చెప్పను. వర్ణాలు దాటి కీర్తనల్లోకి వచ్చాను, మా టీచరు మెచ్చుకోకపోయినా తిట్టడం మానేశారు, అదే నాకు పెద్ద సర్టిఫికెట్టు. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, ఆ పెట్టె అటకెక్కింది. ఒకటి ముందే చెప్పేస్తా, నన్ను ఎవరూ మానెయ్యమనలేదు. ఈ కథలో విలన్ లేడు. ఉంటే బాగుండేది, కనీసం వాడి మీద కోపమైనా పడేదాన్ని.

ఐదు నెలల కిందట ఏదో కాగితం కోసం అటక మీద వెతుకుతుంటే పెట్టె చేతికి తగిలింది. కిందికి దించి తెరిచాను. కమాను వెంట్రుకలు సగానికి సగం తెగి, దువ్వెనలో ఇరుక్కున్న జుట్టులా వేలాడుతున్నాయి. రెండు తీగలకి తుప్పు. తీగలు బిగించే బిరడలు తిప్పుదామంటే కదలవు. కమానుకి రుద్దే రోజిన్ ముక్క మాత్రం చెక్కు చెదరకుండా ఉంది, మధ్యలో చిన్నప్పుడు నేను రుద్ది రుద్ది చేసిన గాడితో సహా. ఆ గాడిలో బొటనవేలు పెట్టి ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. ఎందుకో ఏడుపొచ్చింది.

తీగలు మార్పించాను, కమానుకి కొత్త వెంట్రుకలు వేయించాను. మొదటిసారి వాయిస్తే తలుపు బందుకి నూనె లేనట్టు కీచుమంది. మా వాడు పక్కగదిలోంచి వచ్చి "అమ్మా, ఆ సౌండ్ ఏంటి?" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే ఏంటో తెలీక అడిగాడు. అంతే, అప్పట్నుంచి ఇంట్లో ఎవరూ లేనప్పుడే తీస్తున్నాను. బొమ్మలు వేసుకునేవాళ్ళో, చదువుకునేవాళ్ళో ఓ మూల కూర్చుని ఎవరికీ తెలీకుండా చేసుకోవచ్చు. ఇది అలా కాదు కదా, ఇల్లంతా వినిపిస్తుంది. నేను తప్పు వాయించినప్పుడల్లా అది అందరికీ తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. ఎవరూ లేని ఆ గంటన్నరలో కూడా వెంటనే పెట్టె తెరవలేను. ఆరిన బట్టలు మడతపెట్టేస్తే ఓ పని అయిపోతుంది అనిపిస్తుంది. తర్వాత స్కూలు గ్రూపులో మెసేజ్. తర్వాత రేపటికి కావాల్సినవి తీసిపెట్టడం. అన్నీ అయి శ్రుతి చేసుకునేసరికి ఇరవై నిమిషాలు మిగులుతాయి, అందులో పది నిమిషాలు చెవి గేటు వైపే. వారం మొత్తం కలిపితే గంట దాటదు.

మొన్న మా ఆయన "ఇప్పుడు నేర్చుకుని ఏం చేద్దామని?" అన్నారు. ఎగతాళి కాదు, మనిషి మంచివాడే, ఒక ప్లాన్ ఉంటుందనుకుని అడిగారు. క్లాసులు చెప్తావా, కచేరీలు చేస్తావా అని. నా దగ్గర జవాబు లేదు. అమ్మకి ఫోన్ చేసి చెప్తే "ఈ ఓపికేదో పిల్లకి నేర్పించడంలో పెట్టొచ్చుగా" అంది.

కాబట్టి అడుగుతున్నా. "ఏం చేద్దామని" అన్నప్పుడు మీరంతా ఏం చెప్తారు? పనుల మధ్యలో మీ ఇష్టాలకి టైమ్ ఎలా తీస్తున్నారు? ఇంకోటి, ఇది అడగడానికి కొంచెం సిగ్గుగానే ఉంది, ఇది నిజంగా ఇష్టమేనా లేక నలభై దాటాక అందరికీ వచ్చే దిగులుకి నేను వయొలిన్ అని పేరు పెట్టుకున్నానా?

చుక్కల లెక్క:

మీ పోస్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి రోజిన్ దగ్గర ఆగిపోయాను, రెండోసారి బట్టల మడతల దగ్గర.

నాకు 57. రాత్రిపూట టెలిస్కోప్ పెట్టుకుని ఆకాశం చూడటం నా పిచ్చి. ఆ దారిలో కారొలిన్ హెర్షెల్ గురించి చదివాను, మీకు ఆవిడ కథ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే అందులో వయొలిన్ కూడా ఉంది.

1750లో జర్మనీలోని హానోవర్‌లో పుట్టింది. వాళ్ళమ్మకి ఆడపిల్ల చదువంటే గిట్టదు, ఇంటి చాకిరీకి ఉంటే చాలు. అన్నలు సంగీతంలో ఉన్నారు. పెద్దవాళ్ళలో విలియం అనే అన్న ఇంగ్లండ్‌లో స్థిరపడి, చెల్లెలికి పాట నేర్పిస్తాను పంపించమన్నాడు. తీసుకెళ్ళేది ఎప్పుడో తెలీదు, అసలు తీసుకెళ్తారో లేదో తెలీదు. ఈలోగా ఈవిడ ఏం చేసేదో తెలుసా, ఇంట్లో అందరూ బయటికి వెళ్ళినప్పుడు, పళ్ళ మధ్య ఏదో అడ్డం కరిచిపట్టుకుని, అన్నలు వయొలిన్ మీద వాయించగా విన్న ముక్కల్ని గొంతుతో, గమకాలతో సహా సాధన చేసేది. ఆవిడే తన జ్ఞాపకాల్లో రాసుకుంది. రెండు వందల యాభై ఏళ్ళ కిందట కూడా ఇల్లు ఖాళీ అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది మరి.

నన్ను కదిలించింది అది కాదు, దాని పక్కనే ఉన్న ఇంకో మాట. తను వెళ్ళిపోతే ఇంట్లోవాళ్ళకి ఇబ్బంది అవుతుందని, తల్లికీ తమ్ముడికీ కనీసం రెండేళ్ళకి సరిపడా మేజోళ్ళు అల్లిపెట్టింది. రెండేళ్ళకి! మీరు బట్టలు మడతపెట్టి, రేపటివి తీసిపెట్టి, గ్రూపులో మెసేజ్ చూసి, అప్పుడు కమాను పట్టుకుంటున్నారే, అవి మీ మేజోళ్ళు. నేనూ చాలా ఏళ్ళు అల్లాను. టెలిస్కోప్ బయటికి తీసే రోజు ఇల్లు మామూలు రోజుకంటే శుభ్రంగా ఉండేది. ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. నా సరదాకి నేనే ముందుగా జరిమానా కట్టేసుకునేదాన్ని.

తర్వాత ఏమైందంటే, 1772లో అన్న వచ్చి తీసుకెళ్ళాడు. కొన్నాళ్ళు పాడింది, ఆ తర్వాత అన్నతో పాటు ఆకాశంలోకి దిగింది. 1786 ఆగస్టు 1న తన మొదటి తోకచుక్కని కనిపెట్టింది, మొత్తం 8 అంటారు. ఆ మరుసటేడు రాజుగారు ఏడాదికి 50 పౌన్ల జీతం ఇచ్చారు. ఇదంతా చెప్తున్నది మీరూ ఏదో కనిపెట్టాలని కాదు. ఖాళీ ఇంట్లో పళ్ళ మధ్య అడ్డం పెట్టుకుని పాడిన రోజుల్లో ఆవిడకి ఇదేదీ తెలీదు. అప్పుడు మీ ఆయన వెళ్ళి "ఏం చేద్దామని?" అనుంటే ఆవిడ దగ్గరా జవాబు ఉండేది కాదు.

మూడో ప్రశ్నకి: దిగులైతే మాత్రం ఏమిటండీ? దిగులుకి వయొలిన్ పట్టుకుంటే తప్పా? నేను మొదట టెలిస్కోప్ కొన్నది మా నాన్న పోయిన ఏడాది. ఎందుకు మొదలుపెట్టామన్నది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఒంటెద్దు:

పైవాళ్ళు బాగా రాశారు, కానీ ఒక విషయం వదిలేశారు. ఆ కథ నేనూ విన్నాను. చెల్లెల్ని తీసుకెళ్ళేటప్పుడు విలియం వాళ్ళమ్మకి ఏటా కొంత డబ్బు వచ్చేలా ఏర్పాటు చేశాడు, ఆ డబ్బుతో ఇంకో పనిమనిషిని పెట్టుకోమని. అంటే ఆవిడ చేసే చాకిరీకి ఒక ధర కట్టి, ఇంకొకరిని ఆ చోట నిలబెట్టాకే ఆవిడ బయటపడింది. ఆ ఇంకో మనిషికి ఏ ఇష్టాలు ఉండేవో మనకెవరికీ తెలీదు, ఆవిడ గురించి ఎవరూ రాయలేదు.

నేను ఒక్కదాన్నే పిల్లని పెంచుతున్నా. పొద్దున ఉద్యోగం, సాయంత్రం ఇంకో చిన్న పని. "మీకోసం మీరు టైమ్ తీసుకోండి" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది, దాచుకోను. తీసుకోవడానికి ఎక్కడ ఉంది? 2018లో అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క వేసింది, 64 దేశాల సమాచారంతో. జీతం లేని ఇంటిపని, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ చూసుకునే పని మొత్తం గంటల్లో 76 శాతం పైగా ఆడవాళ్ళే చేస్తున్నారట. రోజుకి ఆడవాళ్ళు 4 గంటల 25 నిమిషాలు, మగవాళ్ళు 1 గంట 23 నిమిషాలు. మధ్యలో మూడు గంటల తేడా. వయొలిన్, పుస్తకం, టెలిస్కోప్ అన్నీ ఆ మూడు గంటల్లోనే ఉన్నాయి. పొద్దున్నే నాలుగింటికి లేస్తే దొరుకుతుందని చెప్పేవాళ్ళు ఆ తేడాని మా నిద్రలోంచి పూడ్చమంటున్నారు, అంతే.

కాబట్టి మూడో తీగ గారూ, మీ ఇంట్లో ఇంకో పెద్దమనిషి ఉన్నారు, 16 ఏళ్ళ అమ్మాయి ఉంది, 12 ఏళ్ళ అబ్బాయి ఉన్నాడు. బట్టలు మడతపెట్టడానికి వీళ్ళలో ఎవరికి చేతులు లేవు? మీ మనసులో ఏముందో తవ్వుకోవడం తర్వాత, ముందు ఆ బట్టల సంగతి తేల్చండి. మీకు కుదిరే పని కాబట్టి కాస్త గట్టిగా చెప్తున్నా.

నాకేం ఇష్టం అని అడగరు కదా, నేనే చెప్తా. చెస్ ప్రాబ్లమ్స్. మూడు ఎత్తుల్లో ఆట కట్టించమని ఇస్తారే, అవి. బస్సులో ఒకటి చూసి బుర్రలో పెట్టుకుంటా, గిన్నెలు కడుగుతూ దాన్ని తిప్పుతా. మొన్నొకటి నాలుగు రోజులు పట్టింది. నాలుగో రోజు రాత్రి సబ్బు చేతులతోనే "గుర్రం!" అని అరిచాను, మా పాప హడలిపోయింది. దానివల్ల ఎవరికీ ఏ లాభమూ లేదు. ఆ నాలుగు రోజులూ నేను బాగున్నాను.

కమాను:

నేను వయొలిన్ నేర్పిస్తాను, పెద్దవయసులో వచ్చేవాళ్ళే ఎక్కువ. జీవితం గురించి పైవాళ్ళు చెప్పారు కాబట్టి నేను వాయిద్యం గురించి చెప్తా.

కమాను వెంట్రుకలు పాడైంది మీ నిర్లక్ష్యం వల్ల కాదు, అంటే నిర్లక్ష్యమే అనుకోండి, కానీ అందరికీ జరిగేదే. అవి గుర్రపు తోక వెంట్రుకలు. పెట్టె చీకట్లో ఏళ్ళ తరబడి మూసి ఉంటే సన్నటి పురుగులు చేరి కొరికేస్తాయి. పెట్టెని శుభ్రంగా దులిపి ఒకరోజు వెలుతురులో తెరిచి పెట్టండి, లేకపోతే కొత్త వెంట్రుకలకీ అదే గతి. వాయించాక కమాను వదులు చేస్తున్నారు కదా? పాతవాళ్ళు మర్చిపోయేది ఇదే.

తీగలు మళ్ళీ ఎప్పుడైనా మార్చాల్సి వస్తే నాలుగూ ఒకేసారి విప్పకండి. వయొలిన్ లోపల ఒక చిన్న కర్రపుల్ల నిలబడి ఉంటుంది, దానికి జిగురు ఉండదు, పై చెక్కకీ కింది చెక్కకీ మధ్య ఒత్తిడితోనే నిలుస్తుంది. తీగలన్నీ ఒకేసారి వదులైతే అది పడిపోవచ్చు. ఫ్రెంచివాళ్ళు దాన్ని ఆత్మ అంటారు. పడితే మనం నిలబెట్టలేం, తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలి. (మీ అటక కథ వింటే ఇది చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు.)

ఇరవై ఏళ్ళు పోయాయని బెంగపడకండి. మర్చిపోయినదాన్ని మళ్ళీ నేర్చుకోవడానికి మొదటిసారి పట్టినంత టైమ్ పట్టదు. ఎబింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాలు బట్టీపట్టి, మర్చిపోయి, మళ్ళీ బట్టీపట్టి తన మీదే లెక్కలు కట్టి 1885లోనే పుస్తకం వేశాడు. అది జ్ఞాపకం సంగతి, కానీ వేళ్ళ విషయంలోనూ నేను చూసింది అదే. కొత్తగా వచ్చినవాళ్ళకి ఏడాది పట్టేది, వదిలేసి వచ్చినవాళ్ళకి కొన్ని నెలల్లో వచ్చేస్తుంది. కాకపోతే చెవి ముందు తిరిగొస్తుంది, చెయ్యి వెనకొస్తుంది. ఆ మధ్య కాలం నరకం. మీకు అపస్వరం బాగా వినిపిస్తోందంటే మీ చెవి వచ్చేసిందని అర్థం. మీ అబ్బాయికి అంత ఘోరంగా ఏమీ వినిపించి ఉండదు.

సౌండ్ సంగతి. తీగల్ని ఎత్తి పట్టుకునే బ్రిడ్జికి తగిలించే రబ్బరు మ్యూట్ దొరుకుతుంది, పెడితే పక్కగదికి కూడా సరిగ్గా వినపడదు. కానీ ఎప్పుడూ దాంతోనే వాయిస్తే కమాను మీద ఎంత బరువు పెట్టాలో చెయ్యికి తెలియకుండా పోతుంది. రాత్రిపూట వాడండి, పగలు తీసెయ్యండి. ఇంట్లోవాళ్ళు వింటే వింటారు. మిక్సీ మోత భరిస్తున్నారుగా.

రోజూ పావుగంట. పదిహేను నిమిషాల్లో ఐదు నిమిషాలు ఖాళీ తీగ మీద పొడుగు కమాను, మిగతాది సరళీ స్వరాలు. కీర్తనల దగ్గరికి ఇప్పుడే వెళ్ళకండి, వెళ్ళాలనిపిస్తుంది, వెళ్తే ఏడుస్తారు. ఒకరోజు తప్పిపోతే కంగారు వద్దు. లండన్‌లో 96 మంది మీద అలవాట్ల గురించి ఒక పరిశోధన జరిగింది, 2010లో అచ్చయింది. ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందట, కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా కూడా అవ్వచ్చని లెక్క. మధ్యలో ఒకరోజు పోయినంత మాత్రాన పెద్ద నష్టం లేదని కూడా తేల్చారు. నా స్టూడెంట్లకి అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది ఈ చివరి ముక్కే. ఒకరోజు పోతే "ఇంక నావల్ల కాదు" అని పెట్టె మూసేసేవాళ్ళు ఎక్కువ, అదీ ఆడవాళ్ళే ఎక్కువ.

ముడి:

"క్లాసులు చెప్తావా" అన్న మాట దగ్గర నేను ఆగాను. ఎందుకంటే నేనూ ఆ దారిలోనే వెళ్ళాను, అంటే క్లాసులు కాదు, అమ్మకాలు.

నాది క్రోషే. పాప పుట్టాక రాత్రిళ్ళు నిద్రలేక మొదలుపెట్టా. చేతిలో సూది ఉంటే బుర్ర నిమ్మళంగా ఉండేది. చూసినవాళ్ళు "ఎంత బాగుందో, అమ్మొచ్చుగా" అన్నారు. అందరూ అన్నారు, ప్రేమతోనే అన్నారు. ఇంట్లోనూ ఒక పేజీ పెట్టగానే దానికి గౌరవం వచ్చింది. అంతకుముందు నేను అల్లుతూ కూర్చుంటే "ఖాళీగా ఉన్నావా?" అనేవాళ్ళు, ఆర్డర్లు వచ్చాక "పనిలో ఉంది, కదిలించకండి" అనడం మొదలుపెట్టారు. చేతులు చేసేది అదే పని. ఇది ఒప్పుకోవాలి, మొదట్లో నాకు భలే నచ్చింది.

తర్వాత ఏడాదిన్నర ఒకే కుందేలు బొమ్మ అల్లాను. ఎన్ని అల్లానో లెక్క లేదు. ఎడమ చెవి దగ్గర రంగు మార్చేచోట ఒక ముడి వస్తుంది, ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ ముడి కనిపిస్తుంది. ఒకరోజు ఆర్డర్ అంతా అయిపోయాక, నాకోసం ఏదైనా అల్లుకుందామని ఊలు తీశాను. సూది పట్టుకోబుద్ధి కాలేదు. అలా ఎనిమిది నెలలు ముట్టుకోలేదు.

తర్వాత ఎక్కడో చదివాను. 1973లో అమెరికాలో చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడం బాగా ఇష్టమైన పిల్లల్ని తీసుకుని కొందరికి "వేస్తే బహుమతి ఇస్తాం" అని ముందే చెప్పారు, కొందరికి చెప్పలేదు. కొన్నాళ్ళ తర్వాత చూస్తే బహుమతి ఆశతో వేసిన పిల్లలు, వాళ్ళంతట వాళ్ళు బొమ్మలు వేసుకునే టైమ్ మిగతావాళ్ళతో పోలిస్తే సగానికి పడిపోయింది. చదివి నా కుందేళ్ళే గుర్తొచ్చాయి.

సంపాదించొద్దని చెప్పట్లేదు. నాకు తెలిసినవాళ్ళలో ఇష్టాన్నే వృత్తిగా పెట్టుకుని హాయిగా ఉన్నవాళ్ళూ ఉన్నారు. అది మనకి తిండి పెట్టడం మొదలుపెట్టాక దానికి వేరే మొహం వస్తుంది, ఆ మొహం కూడా నచ్చితే సరే. కానీ మీ ఆయన అడిగారు కదా అని, జవాబు కోసం క్లాసులు మొదలుపెట్టకండి. గౌరవం కోసం ప్లాన్ చెప్పకండి. నేను ఇప్పుడు మళ్ళీ అల్లుతున్నా, అల్లి విప్పేస్తా. మా అత్తగారికి అది చూస్తే ప్రాణం పోతుంది.

ఇంట్లో ఒకడు:

ఇక్కడ మగవాళ్ళు రాయొచ్చో లేదో తెలీదు. మీ ఆయన వైపు నుంచి ఒక మాట చెప్దామని.

మా ఆవిడ ఆదివారం పొద్దున మట్టిపాత్రలు చేయడం నేర్చుకోవడానికి వెళ్తుంది. రెండున్నర గంటలు. నేను పూర్తిగా సపోర్ట్. అందరికీ చెప్పేవాణ్ణి కూడా, మా ఆవిడకి నేను ఎంత ఫ్రీడమ్ ఇస్తానో అని. (రాస్తుంటేనే సిగ్గేస్తోంది ఆ 'ఇస్తాను' అన్నమాట, కానీ అలాగే అనేవాణ్ణి.) ఒకరోజు ఆవిడ ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా ఫోన్ నా చేతికిచ్చింది. కాల్ లిస్టు చూడమంది. ఆ పొద్దున నేను ఏడుసార్లు చేశాను. కత్తెర ఎక్కడుంది. బాబు మందు ఎన్ని చుక్కలు. గీజర్ స్విచ్ వేశావా. కొరియర్ వచ్చింది తీసుకోనా. ఒక్కొక్కటీ అర నిమిషం. కానీ చక్రం మీద మట్టి తిరుగుతున్నప్పుడు రెండు చేతులూ తడిమట్టిలో ఉంటాయట, ఫోన్ మోగితే చేతులు కడుక్కుని తుడుచుకుని తీయాలి, ఈలోపు చక్రం మీదున్నది ఒకపక్కకి ఒరిగిపోతుంది. ఏడు కాల్స్‌కి ఆ రోజు ఆవిడ ఒక్క గిన్నె కూడా పూర్తి చేయలేదు.

అంటే ఆవిడ వెళ్ళింది కానీ ఆవిడ బుర్ర ఇంట్లోనే ఉండేలా నేను చూసుకున్నానన్నమాట. పని చెయ్యడం వేరు, పని గుర్తుపెట్టుకోవడం వేరు. చేస్తున్నాను కదా అనుకునేవాణ్ణి, గుర్తుపెట్టుకోవడం మొత్తం ఆవిడ మీదే ఉంది.

ఇప్పుడు ఫోన్ ఇంట్లోనే పెట్టి వెళ్తోంది. మొదటి రెండు వారాలు చాలా కష్టమైంది, నాకు. కత్తెర మూడో అరలో ఉంటుంది, పిల్లాడి మందు ఐదు చుక్కలు. ఎనిమిదేళ్ళుగా అదే ఇంట్లో ఉంటున్నా ఇవి నాకు తెలీవు.

మూడో తీగ గారూ, "ఏం చేద్దామని" అని ఆయన అడిగితే "వాయిద్దామని" అని చెప్పండి. నాకైతే అలాగే చెప్పింది. మట్టితో ఏం చేద్దామని అంటే, మట్టి పిసుకుదామని అంది. మాట పడిపోయింది నాకు.

మూడో తీగ:

అందరికీ థాంక్స్. వెంటనే రాయలేదు, మూడు వారాలు ఆగి రాద్దామనుకున్నా, లేకపోతే ఉత్సాహంలో అబద్ధాలు రాసేస్తానేమోనని.

మేజోళ్ళ సంగతి చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఒంటెద్దు గారూ, మీ మాట మొదట గుచ్చుకుంది, కాసేపు మీ మీద కోపం కూడా వచ్చింది. కానీ మర్నాడు ఇంట్లో ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాను. సాయంత్రం ఏడు నుంచి ఏడున్నర నేను లేను అనుకోండి, తలుపు వేసుకుంటా, ఇల్లు కాలిపోతే తప్ప కొట్టకండి అని. బట్టలు మీవి. మా ఆయన "బట్టలకీ వయొలిన్‌కీ ఏంటి సంబంధం?" అన్నారు. వివరించే ఓపిక లేక ఈ చర్చ మొత్తం ఫోన్‌లో తీసి చేతిలో పెట్టా. చదివి ఏమీ అనలేదు. "ఇంట్లో ఒకడు" రాసినదాని దగ్గర మాత్రం ఒకసారి నవ్వారు, ఆ నవ్వు ఎలాంటిదో నేను చెప్పలేను.

అన్నీ మారిపోయాయని కాదు. మొదటి వారం రెండు రోజులు ఎగిరిపోయింది. బట్టలు మడతపెడుతున్నారు కానీ ఆ మడతలు చూస్తే నా కళ్ళు తిరుగుతున్నాయి, రెండుసార్లు అందరూ పడుకున్నాక వెళ్ళి మళ్ళీ పెట్టాను. మూడోసారి పెట్టలేదు. అమ్మ ఇంకా పిల్లకి నేర్పమనే అంటోంది. పిల్లకి ఇష్టం లేదు, దానికి డ్రమ్స్ కావాలట. అది వేరే పోస్టు.

నిన్న ఏడుంపావుకి తలుపు అవతల అబ్బాయి గొంతు వినిపించింది, "నాన్నా, నా బ్లూ షర్ట్ ఎక్కడ?" అని. నా చేతిలో కమాను ఆగిపోయింది. ఆ షర్టు ఎక్కడుందో నాకు తెలుసు, కుర్చీ వెనక. నోటిదాకా వచ్చింది. అవతల అరలు తీస్తున్న చప్పుడు, మూస్తున్న చప్పుడు, ఇద్దరూ ఏదో గొణుక్కుంటున్నారు. నేను మళ్ళీ స, రి, గ నుంచి మొదలుపెట్టా. షర్ట్ దొరికిందో లేదో ఇంతవరకూ అడగలేదు.

కమాను గారూ, మీకో ప్రశ్న. నాలుగో తీగ, అదే లావు తీగ మీద ఇంకా కీచుమంటోంది, పక్క తీగ కూడా తగులుతోంది. రోజిన్ ఎక్కువైందా? కమాను వెంట్రుకల సమస్యా?

కమాను:

రెండూ కాదు. ఆ తీగ మీదకి వెళ్ళినప్పుడు మీ కుడి మోచెయ్యి కిందే ఉండిపోతోంది. పైకెత్తండి. ఇంట్లోవాళ్ళకి వినపడకూడదని చెయ్యి దగ్గరికి ముడుచుకుని వాయించేవాళ్ళందరికీ వచ్చేదే ఇది.